పాత డాస్ కంప్యూటర్‌లోంచి తెలుగు ఫైళ్లు బయటికి తీయడం ఎలా? (386, యూఎస్‌బీ లేదు, పెద్ద ఫ్లాపీ మాత్రమే)

మద్దిలపాలెం మనవడు | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా తాతయ్య తప్పెటగుళ్ల పాటలు పోగేసేవారు. పెందుర్తి, సబ్బవరం, చోడవరం వైపు ఊళ్లు తిరిగి క్యాసెట్ల మీద రికార్డు చేసుకొచ్చి, తర్వాత ఇంట్లో కంప్యూటర్‌లో తెలుగులోనే టైపు చేశారు. ఆయన లేరు. కంప్యూటర్ మాత్రం అటక మీద భద్రంగా ఉంది. 386, డాస్, నలుపు తెలుపు తెర. మొన్న దించి ఆన్ చేస్తే కాసేపు గరగరలాడి లేచింది. పాటలు తెర మీద కనిపిస్తున్నాయి!

ఇప్పుడు చిక్కేంటంటే, దానికి 5.25 అంగుళాల ఫ్లాపీ తప్ప ఇంకేమీ లేదు. నా ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ తప్ప ఇంకేమీ లేదు. రెండూ మాట్లాడుకునే దారి ఏదైనా ఉందా? తెర ఫొటోలు తీసి మళ్లీ టైపు చేయమని మా అక్క అంటోంది. ఫైళ్లు చాలా ఉన్నాయి.

---

కీబోర్డు కిట్టు | రాత్రి 9:20

ఇంత ఆలోచన ఎందుకు బ్రో. హార్డ్ డిస్క్ ఊడదీయ్, ద్వారకానగర్‌లో యూఎస్‌బీ అడాప్టర్ కొను, తగిలించు. పది నిమిషాల పని.

---

ఆరెస్ 232 | రాత్రి 9:41

కిట్టూ, ఆగు నాయనా.

మనవడు గారూ, ముందు డిస్కు మీద చెయ్యి వెయ్యకండి. మూత తీసి కేబుళ్లు మాత్రం చూడండి. డిస్కు నుంచి రెండు పట్టీ కేబుళ్లు (34 పిన్నులది ఒకటి, 20 పిన్నులది ఒకటి) బయటికి వస్తుంటే అది ఎంఎఫ్ఎం రకం. ఏ యూఎస్‌బీ అడాప్టరూ దానికి పనికిరాదు. పైగా ఎంఎఫ్ఎం డిస్కు తన కంట్రోలర్ కార్డుతోనే కాపురం చేస్తుంది. ఒక కార్డు మీద ఫార్మాట్ చేసినదాన్ని వేరే రకం కార్డు చదువుతుందన్న హామీ లేదు.

40 పిన్నుల కేబుల్ ఒక్కటే ఉంటే ఐడీఈ. అప్పుడు కూడా అనుమానమే. ఆ కాలం డిస్కులు సిలిండరు, హెడ్డు, సెక్టారు లెక్కన అడిగితేనే జవాబిస్తాయి. ఇప్పటి అడాప్టర్లు చాలావరకు ఎల్‌బీఏ లెక్కలో (అన్ని సెక్టార్లకీ వరస నంబర్లు) తప్ప అడగవు. డిస్కు బాగానే ఉన్నా ల్యాప్‌టాప్‌లో ఏమీ కనిపించదు, జనం డిస్కు పోయిందనుకుని పారేస్తారు.

మూత తీసినప్పుడే ఇంకో రెండు పనులు. బోర్డు మీద పీపా ఆకారంలో నీలం రంగు బ్యాటరీ ఉంటే, దాని చుట్టూ ఆకుపచ్చగానో తెల్లగానో పొంగి ఉందేమో చూడండి. కారుతున్నట్టయితే తీయించేయాలి, లేకపోతే బోర్డు మీది రాగి గీతల్ని తినేస్తుంది. అయితే తీసే ముందు సెటప్ తెరలో డిస్కు వివరాలు రాసి పెట్టుకోండి. బ్యాటరీ పోతే ఆ అంకెలు పోతాయి, అవి లేకుండా మెషీన్ డిస్కుని గుర్తుపట్టదు.

---

పాతసామాన్లు | రాత్రి 10:05

ఏటి గురూ, అటక మీద అన్నేళ్లున్నా లేచిందంటే గట్టిదే! మన ఊరి ఉప్పుగాలికి ఏదీ నిలవదు. నా దగ్గరున్న మెషీన్లలో సగానికి కార్డుల బంగారు అంచులు నల్లబడిపోయి ఉంటాయి.

నాకాడ 5.25 డ్రైవు ఉంది, 1.2 ఎంబీది. గ్రీజ్‌వీజిల్ అని ఒక చిన్న బోర్డు కూడా ఉంది. డ్రైవుని దానికి తగిలించి ఫ్లాపీ మీది అయస్కాంత మార్పుల్ని ఉన్నవి ఉన్నట్టు యూఎస్‌బీలోకి లాగేయొచ్చు. తాతగారి ఫ్లాపీలు ఉంటే నేను చదివి పెడతాను. గాజువాకలో ఉంటాను.

ఒక్కటి గుర్తెట్టుకో. నీ 386లో ఉన్నది ఏ డ్రైవు? 360 కేబీ డ్రైవుకి 40 ట్రాకులు, 1.2 ఎంబీ డ్రైవుకి 80. రెండోదాని గీత సన్నం. 360 డ్రైవులో రాసిన ఫ్లాపీని 1.2 డ్రైవు చక్కగా చదువుతుంది. అదే ఫ్లాపీ మీద 1.2 డ్రైవుతో తిరగరాస్తే మాత్రం, పాత వెడల్పు గీత మధ్యలో కొత్త సన్న గీత పడి, 360 డ్రైవుకి రెండూ కలిపి వినపడతాయి. అందుకని తాతగారి ఫ్లాపీల మీద ఏదీ రాయకు, పక్క అంచు మీద గాటు ఉన్నచోట చిన్న స్టిక్కరు అంటించు. ఈ సైజులో గాటు మూస్తేనే రాత బంద్.

---

టీచరమ్మ భీమిలి | రాత్రి 10:31

ఫ్లాపీలు డ్రైవులో పెట్టే ముందు కిటికీ దగ్గర పట్టుకుని ఆ నల్ల పళ్లేన్ని చేత్తో తిప్పి చూడు బాబూ. తెల్లటి మచ్చలుంటే బూజు. హుద్‌హుద్ తర్వాత (2014 అక్టోబరు) నా పెట్టెలో ఉన్నవన్నీ అలాగే అయ్యాయి. బూజు ఉన్నదాన్ని తిప్పితే హెడ్డుకి అంటుకుని, తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీని కూడా గీసేస్తుంది.

1984లో వచ్చిన క్లాస్ పథకం గుర్తున్నవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? బళ్లకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు. నా దగ్గర అప్పటి పాఠాల ప్రోగ్రాములు బీబీసీ డిస్కుల మీద ఉన్నాయి. వాటిని మామూలు పీసీ చదవదని చెప్పారు, నిజమేనా?

---

ఆరెస్ 232 | రాత్రి 10:58

నిజమేనండి. బీబీసీ డిస్కులు ఎఫ్ఎం అనే పాత పద్ధతిలో రాసినవి. చాలా పీసీ కంట్రోలర్లకి ఆ పద్ధతి రాదు. పాతసామాన్లు గారి గ్రీజ్‌వీజిల్ చదువుతుంది. మీ బీబీసీ మెషీన్ పనిచేస్తుంటే దాని వెనక సీరియల్ పోర్టు (బిట్టు వెనక బిట్టు పంపే దారి) ఉంది, అయిదు చుక్కల గుండ్రటి సాకెట్టు. స్టార్ ఎఫ్ఎక్స్ 5,2 కొడితే ప్రింటర్ అవుట్‌పుట్ సీరియల్‌కి మళ్లుతుంది, స్టార్ ఎఫ్ఎక్స్ 8,7 కొడితే వేగం 9600. తర్వాత కంట్రోల్ బీ నొక్కి లిస్ట్ అంటే ప్రోగ్రామ్ మొత్తం తీగలోంచి కారిపోతుంది. ఆ ప్లగ్గు తలకిందులుగా కూడా దూరుతుంది, జాగ్రత్త. ఏమీ రాకపోతే తిప్పి పెట్టండి.

మనవడు గారి దారీ ఇదే. సీరియల్.

---

మద్దిలపాలెం మనవడు | ఆదివారం, ఉదయం 8:47

మూత తీశానండి. రెండు కేబుళ్లు ఉన్నాయి, 34, 20. బ్యాటరీ కారలేదు. డిస్కు మీద చీటీలో 820 సిలిండర్లు, 6 హెడ్లు అని ఉంది, 17 సెక్టార్లని సెటప్ తెరలో ఉంది. అన్నీ రాసుకున్నాను.

వెనక మూడు సాకెట్లున్నాయి. 25 రంధ్రాలది, 25 పిన్నులది, 9 రంధ్రాలది. సీరియల్ అంటే 9ది కదా?

---

ఆరెస్ 232 | ఉదయం 9:15

కాదు! దానికి తెర తీగ వస్తుంది. ఆ కాలం నలుపు తెలుపు తెరల కార్డుకి ఉండే సాకెట్టు అదే, 9 రంధ్రాలు. సీరియల్ ఎప్పుడూ మగది, పిన్నులు పొడుచుకొచ్చి ఉంటాయి. మీ మెషీన్‌లో 25 పిన్నులున్నది సీరియల్, 25 రంధ్రాలున్నది ప్రింటర్ పోర్టు.

మీ అంకెలు గుణిస్తే (820 × 6 × 17 × 512) దాదాపు 4 కోట్ల 28 లక్షల బైట్లు, అంటే ఆ రోజుల 40 ఎంబీ డిస్కు. 9600 వేగంతో సెకనుకి 960 అక్షరాలు పోతాయి. డిస్కంతా పంపాలంటే పన్నెండు గంటలు పడుతుంది, పాటలు మాత్రమే అయితే నిమిషాల్లో పని.

ఇక తీగ. యూఎస్‌బీ నుంచి సీరియల్ అడాప్టర్ ఒకటి (సీహెచ్340 చిప్పున్నదైనా చాలు), 25 రంధ్రాల కనెక్టర్ ఒకటి, 9 రంధ్రాల కనెక్టర్ ఒకటి, మూడు తీగలు. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. 9 పిన్నుల వైపు 2 వినేది, 3 మాట్లాడేది. 25 పిన్నుల వైపు తిరగేసి, 2 మాట్లాడేది, 3 వినేది. కాబట్టి 9కీ 25కీ మధ్య క్రాస్ చేయనక్కర్లేదు. 2ని 2కి, 3ని 3కి కలపండి. భూమి తీగ 5 నుంచి 7కి. రెండు వైపులా 9 పిన్నులే అయితే మాత్రం 2, 3 అడ్డంగా కలపాలి.

ఇంతటితో ఆపితే డాస్ పంపదు. అక్షరం వదిలే ముందు బయాస్ (బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) అవతలివాడు సిద్ధంగా ఉన్నాడా అని రెండు పిన్నులు చూస్తుంది. వాటిని ఇవతలే మభ్యపెట్టాలి. 25 పిన్నుల కనెక్టర్‌లో 4, 5 కలిపి టంకం పెట్టండి. 6, 8, 20 మూడూ కలిపి ఇంకో టంకం.

---

కీబోర్డు కిట్టు | ఉదయం 9:22

ల్యాప్‌లింక్, ఇంటర్‌లింక్ అని ఏవో ఉండేవట కదా? వాటితో అయితే ఫోల్డర్లకి ఫోల్డర్లే లాగొచ్చట.

---

ఆరెస్ 232 | ఉదయం 9:40

ఉండేవి. ఇంటర్‌లింక్ 1993లో ఎంఎస్ డాస్ 6తో వచ్చింది, అవతలి డిస్కు ఇవతల ఇంకో డ్రైవు అక్షరంగా కనిపించేది. కానీ రెండు వైపులా డాస్ మెషీన్ ఉండాలి. మనవడి గారి దగ్గర ఒక వైపు ల్యాప్‌టాప్. కెర్మిట్ అని ఫైళ్లు పంపే ప్రోగ్రామ్ కూడా మంచిదే, 1981 నుంచీ ఉంది, తప్పు దొర్లితే తనే మళ్లీ అడిగి తెచ్చుకుంటుంది. కానీ దాన్ని ముందు 386లోకి ఎక్కించాలి కదా, ఎక్కించే దారే లేక ఈ గోల. బయటికి తీయడానికి డాస్‌లో ఉన్న మోడ్, కాపీ ఆదేశాలు చాలు.

---

ఇస్కీ పిచ్చోడు | ఉదయం 10:10

ఒక ప్రశ్న. ఆ తెలుగు ప్యాకేజీ ఏమిటి? లోపల జిస్ట్ కార్డు లాంటిదేమైనా ఉందా? (ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి సీడాక్ చేతికొచ్చిన కార్డు. డాస్‌లో తెలుగు కనిపించాలంటే అదొక దారి.) ప్యాకేజీ సొంత ఫైళ్లు నేరుగా పంపితే చదవడం కష్టం. మెనూలో ఇస్కీ (భారతీయ లిపుల అక్షరాలకి సంఖ్యలిచ్చే ప్రమాణం) ఫైలుగా రాసే అవకాశం ఉంటే ముందు అలా రాయండి.

---

మద్దిలపాలెం మనవడు | ఆదివారం, రాత్రి 8:30

జగదాంబ దగ్గర కనెక్టర్లు దొరికాయి. కొట్టాయన 25 పిన్నులది అనగానే లోపలికెళ్లి దుమ్ము దులుపుకుంటూ తెచ్చాడు. టంకం మా పక్కింటి అన్నయ్య పెట్టాడు. మొదట తీగలు మూడే పెట్టాం, ఆరెస్ గారు చెప్పినట్టే "రైట్ ఫాల్ట్ ఎర్రర్" అంది. 4, 5 కలిపి, 6, 8, 20 కలిపాక కదిలింది!

ప్యాకేజీలో ఇస్కీ ఎగుమతి ఉంది, అలాగే రాశాను. డాస్‌లో "మోడ్ కామ్1:9600" అని కొట్టి, కాపీ స్లాష్ బీతో పంపాను. ల్యాప్‌టాప్‌లో టెరాటర్మ్ (సీరియల్‌లో వచ్చేది పట్టే ప్రోగ్రామ్) 9600, 8 బిట్లు, ప్యారిటీ లేదు. లాగ్‌లో బైనరీ పెట్టాను. ఫైలు సైజు డాస్‌లో ఎంతుందో సరిగ్గా అంతే వచ్చింది. తర్వాత యూనికోడ్‌లోకి మార్చి చూస్తే సగం తెలుగు, సగం చెత్త. "కలువలు" ఉండాల్సిన చోట "3లువలు" అని ఉంది. "గవ్వలు" పోయి "5వ్వలు" అయింది. "మనవలు", "నువ్వులు" మాత్రం శుభ్రంగా ఉన్నాయి. పాట సేకరించిన ఏడాది 1986 ఉండాలి, అది "ఔ9చ6". తాతయ్య ఏదైనా సంకేత భాషలో రాశారా ఏంటి?

---

పాతసామాన్లు | రాత్రి 8:44

తీగ పొడుగెక్కువైందేమో గురూ. ఫ్యాను రెగ్యులేటరు పక్కన పెట్టావా?

---

ఇస్కీ పిచ్చోడు | రాత్రి 9:26

తీగ తప్పు కాదు. గోల వల్ల అయితే చెత్త చోటు మారుతుంది. ఇక్కడ క ఎక్కడ వచ్చినా 3 అవుతోంది, ల ఎక్కడ వచ్చినా బాగుంది. భలే దొరికింది ఇది, కాస్త విప్పి చెప్తాను.

ఇస్కీలో తెలుగు అక్షరాలన్నీ 161 పైన ఉంటాయి, ఇంగ్లీషువి 128 కింద. అంటే ఎనిమిదో బిట్టు 1 అయితే తెలుగు, 0 అయితే ఇంగ్లీషు. మోడ్‌లో 9600 ఒక్కటే ఇచ్చి వదిలేస్తే డాస్ మిగతావి తనే నింపుకుంటుంది: ఏడు బిట్లు, సరి ప్యారిటీ (ఒకట్ల లెక్క సరి సంఖ్య అయ్యేలా చేర్చే తనిఖీ బిట్టు). ఎనిమిదో బిట్టు ఇవతలే రాలిపోయింది. దాని స్థానంలో ప్యారిటీ బిట్టు వెళ్లింది. ల్యాప్‌టాప్ 8 బిట్లు అనుకుని ఆ ప్యారిటీనే ఎనిమిదో బిట్టుగా తీసుకుంది.

క అంటే 179. ఎనిమిదో బిట్టు తీసేస్తే 51, అంటే 0110011. అందులో ఒకట్లు నాలుగు, సరి సంఖ్య, కాబట్టి ప్యారిటీ 0. అవతల 51 గానే చేరింది, 51 అంటే అంకె 3. ల అంటే 209. తీసేస్తే 81, 1010001, ఒకట్లు మూడు, బేసి. సరి చేయడానికి ప్యారిటీ 1 పడింది. 81కి 128 కలిస్తే మళ్లీ 209. పోయిన బిట్టు చోటికి అదృష్టం కొద్దీ అదే విలువ వచ్చి కూర్చుంది! మ, న, వ, ల, కొమ్ము, పొల్లు అన్నీ ఇలాగే బేసి బ్యాచ్. అందుకే మనవలు, నువ్వులు బతికి బట్టకట్టాయి.

అంకెలకి ఇదే తిరకాసు రెండో వైపు నుంచి. 1 అంటే 49, ఒకట్లు మూడు, 177 అయింది, అది ఔ. 8 అంటే 56, అది 184 అయింది, చ. 9కీ 6కీ ఒకట్లు సరి సంఖ్యలో ఉన్నాయి, కదల్లేదు. మాటల మధ్య ఖాళీలు కూడా 32 పోయి 160 అయ్యుంటాయి, చూడండి.

ఈ ఫైలుని బాగుచేయాలని చూడకండి. 3 కనిపించినచోట అసలుది కనో, అంకె 3ఓ చెప్పలేం. మళ్లీ పంపండి. మోడ్ కామ్1:9600,ఎన్,8,1 అని నాలుగూ ఇవ్వండి.

---

ఆరెస్ 232 | రాత్రి 9:50

శభాష్. నేను పనిచేసిన ఫ్యాక్టరీలో ప్రింటర్లు ఇంగ్లీషే అచ్చేసేవి కాబట్టి ఏడు బిట్లతో మాకు ఏనాడూ ఇబ్బంది రాలేదు. తెలుగు పంపితేనే ఇది బయటపడుతుంది.

ఇంకో మాట. కాపీ ఆదేశానికి తప్పు సరిచూసుకునే పద్ధతి లేదు. సైజు సరిపోతే సరిపోదని ఇప్పుడే చూశాం. ప్రతి ఫైలూ రెండుసార్లు పంపి, ల్యాప్‌టాప్‌లో ఎఫ్‌సీ స్లాష్ బీతో పోల్చండి. రెండూ బైటు బైటుకీ ఒకటే అయితే నమ్మొచ్చు. సెట్టింగు తప్పయితే రెండూ ఒకేలా తప్పొస్తాయి కాబట్టి ఒక ఫైలుని కళ్లతో కూడా చదవండి.

---

మద్దిలపాలెం మనవడు | సోమవారం, రాత్రి 10:15

వచ్చేశాయి!! కలువలు కలువలుగానే ఉన్నాయి. 1986 కూడా. రెండో విడత పంపినవీ మొదటివీ ఒక్క బైటు తేడా లేదు. అక్క తెర ముందు కూర్చుని ఒక పాట గడగడా చదివేసింది, రాగం కూడా గుర్తుందట.

ఒక్క అనుమానం. కొన్ని ఫైళ్ల చివర ఒకటే గుర్తు వరసగా వస్తోంది. మళ్లీ ఏదైనా బిట్టు పోయిందా?

---

ఇస్కీ పిచ్చోడు | రాత్రి 10:32

లేదు. కోడ్ 26 అయ్యుంటుంది, ఫైలు ముగిసిందన్న గుర్తు. పాత ఎడిటర్లు కొన్ని ఫైలుని 128 బైట్ల గళ్లలో రాసేవి, చివరి గడిలో మిగిలిన చోటుని 26తో నింపేవి. కోసి పారేయండి.

విండోస్‌లో మార్చేటప్పుడు తెలుగు ఇస్కీ సంఖ్య 57005 వాడారు కదా? 57002 అంటే దేవనాగరి. ఇస్కీలో అన్ని లిపులకీ క ఒకటే సంఖ్య, కాబట్టి అది వాడితే ఇదే పాట నాగరి లిపిలో వస్తుంది. ఉత్తరాదిలో పెరిగిన మనవలెవరైనా ఉంటే పనికొస్తుంది. మార్చిన ఫైలుని యూటీఎఫ్-8లో దాచండి. మార్చకముందు వచ్చిన ఇస్కీ ఫైళ్లు మాత్రం చెరపకండి. డాస్ ప్యాకేజీల్లో ఇస్కీ కూడా అంతా ఒకటి కాదు, పీసీ ఇస్కీ అని, గీతల గుర్తులకి చోటు వదలడానికి అక్షరాల్ని పక్కకి జరిపిన రకం ఒకటుంది. ఏదో ఒక ఫైలులో అలాంటిది బయటపడితే అసలుది కావాలి.

---

టీచరమ్మ భీమిలి | రాత్రి 10:50

మా వారి పేజ్‌మేకర్ ఫైళ్లు "అను" అనే పేరున్న తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. వాటికీ ఇదే సంఖ్య పెడితే వస్తుందా?

---

ఇస్కీ పిచ్చోడు | రాత్రి 11:04

రాదండి. ఇస్కీలో దాచింది అక్షరాన్ని. ఆ ఫాంట్లలో దాచింది ఆకారాన్ని. తలకట్టు విడిగా, ఒత్తు విడిగా, ఇంగ్లీషు అక్షరాల గళ్లలో ముక్కలు ముక్కలుగా ఉంటాయి. వాటిని ఏరి అక్షరాలుగా కూర్చే కన్వర్టర్లు వేరే ఉన్నాయి. కొత్త చర్చ మొదలుపెట్టండి, ఒక పేజీ నమూనా జత చేయండి.

---

పాతసామాన్లు | రాత్రి 11:20

మనవడూ, తాతగారి ఫ్లాపీలేమైనా ఉంటే వెతికి పెట్టు. డిస్కులో లేని పాటలు వాటిల్లో ఉండొచ్చు. వచ్చే ఆదివారం పొద్దున్నే డ్రైవు, బోర్డు పట్టుకుని నేనే వచ్చేస్తా. ఈలోగా వాటిని ఎండలో పెట్టకు, తుడవకు, ఆ 386లో పెట్టి చూద్దామని అసలు అనుకోకు. టీచరమ్మ గారూ, మీ బీబీసీ డిస్కులు కూడా ఆ రోజే మద్దిలపాలెం పంపేయండి, ఒకేసారి బేగి అయిపోద్ది.